ఇంట్లో నడిచిన ప్రాజెక్ట్ ల్యాబ్‌లో ఎందుకు ఆగిపోతుంది?



పదకొండు, పన్నెండు తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లల ఇళ్లలో ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయంటే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "నిన్న రాత్రి ఇంట్లో చక్కగా నడిచింది నాన్నా, ఈరోజు ల్యాబ్‌లో నడవలేదు." వెంటనే మనకు రెండు అనుమానాలు వస్తాయి. ల్యాబ్‌లో కంప్యూటర్లు పాతవై ఉంటాయని ఒకటి. మనవాడు పని పూర్తి చేయకుండానే చేశానంటున్నాడని ఇంకొకటి. చాలాసార్లు ఆ రెండూ నిజం కాదు. కంప్యూటర్ బాగానే ఉంటుంది. పిల్లవాడు రాసిన లెక్కలూ లూపులూ సరిగ్గానే ఉంటాయి. ప్రోగ్రామ్‌కి తన సొంత ఇల్లు ఎక్కడుందో తెలియక, తన వస్తువుల కోసం పరాయి ఇంట్లో వెతుకుతూ ఉంటుంది. గొడవంతా అక్కడే.

ఇది చిన్న విషయంలా కనిపించినా మార్కుల లెక్కలో చిన్నది కాదు. సీబీఎస్ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో థియరీకి 70, ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు. ఆ 30లో ప్రాజెక్ట్‌కి 8, వైవాకి 3. పైథాన్‌లో ఫైళ్లు చదవడం, రాయడం సిలబస్‌లో పెద్ద భాగం. టెక్స్ట్ ఫైల్, బైనరీ ఫైల్, సీఎస్‌వీ ఫైల్ మూడూ ఉంటాయి. అబ్సల్యూట్ పాత్, రిలేటివ్ పాత్ అనే రెండు మాటలు కూడా అందులోనే వస్తాయి. పిల్లలు వాటికి డెఫినిషన్లు బట్టీ పట్టేసి ముందుకెళ్లిపోతారు. తర్వాత ఎగ్జామినర్ ముందు ప్రోగ్రామ్ ఆగిపోయినప్పుడు, ఆ డెఫినిషన్‌కీ ఈ ఆగిపోవడానికీ సంబంధం ఉందని వాళ్లకు తట్టదు.

కోడింగ్ రాని తల్లిదండ్రులు కూడా ఈ పాఠాన్ని పూర్తిగా చదవవచ్చు. ఇందులో ఉన్నదంతా అడ్రస్‌ల సంగతే.

ముందు ఆ ఎర్రర్ ఏమంటుందో చూద్దాం. పైథాన్ ఎర్రలైన్లు చాలా చూపిస్తుంది, పిల్లలు కంగారుపడి విండో మూసేస్తారు. నిజానికి చదవాల్సింది చివరి లైన్ ఒక్కటే. అందులో "ఫైల్ నాట్ ఫౌండ్ ఎర్రర్" అని ఉండి, పక్కనే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని, ఆ తర్వాత ఫైల్ పేరు, ఉదాహరణకు మార్క్స్ డాట్ సీఎస్‌వీ అని ఉంటుంది. పిల్లవాడు ఫోల్డర్ తెరిచి చూపిస్తాడు. "ఇదిగో టీచర్, ఫైల్ ఇక్కడే ఉంది కదా, లేదంటోందేంటి?" వాడు చెప్పింది నిజమే. పైథాన్ చెప్పిందీ నిజమే. ఇద్దరూ రెండు వేర్వేరు చోట్ల గురించి మాట్లాడుతున్నారు.

కంప్యూటర్‌లో ప్రతి ఫైల్‌కీ ఒక పూర్తి చిరునామా ఉంటుంది. ఏ డ్రైవ్, అందులో ఏ ఫోల్డర్, దాని లోపల ఏ ఫోల్డర్, చివరికి ఏ ఫైల్. దీన్నే అబ్సల్యూట్ పాత్ అంటారు. మన ఇంటి నంబర్ దగ్గర మొదలుపెట్టి ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్ వరకు రాస్తామే, అలాంటిది. ఎక్కడి నుంచి చదివినా ఒకే చోటుకు తీసుకెళ్తుంది. మరి ప్రోగ్రామ్‌లో ఆ పూర్తి చిరునామానే రాసేస్తే సరిపోదా అని కొంతమంది తెలివైన పిల్లలు అడుగుతారు. అడగడమేంటి, చాలామంది అలాగే రాసేస్తారు.

దానికి జవాబు మన జిల్లాయే చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. అంతకు ముందు రోజు వరకు మన కాగితాలన్నిటి మీద గుంటూరు జిల్లా అనే ఉండేది. ఇల్లు ఒక్క అంగుళం కూడా జరగలేదు. గడప అదే, వీధి అదే. అయినా చిరునామా మారిపోయింది. మనుషులం కాబట్టి పోస్ట్‌మ్యాన్ పాత చిరునామా చూసినా ఉత్తరం తెచ్చి ఇస్తాడు. కంప్యూటర్‌కి ఆ సర్దుబాటు తెలియదు. పూర్తి చిరునామాలో ఒక్క మాట తేడా వచ్చినా లేదనే చెబుతుంది. ఇంట్లో విండోస్ కంప్యూటర్‌లో సీ డ్రైవ్, యూజర్స్ ఫోల్డర్, దాని లోపల వాళ్ల నాన్నగారి పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. పిల్లవాడు ఆ మొత్తం చిరునామాను ప్రోగ్రామ్‌లో టైప్ చేస్తాడు. స్కూల్ ల్యాబ్ కంప్యూటర్‌లో ఆయన పేరుతో ఫోల్డర్ ఎందుకుంటుంది? ఈమధ్య ఇంకో చిక్కు కూడా వచ్చింది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్ ఫోల్డర్ వన్‌డ్రైవ్ లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. కంటికి డెస్క్‌టాప్ మీదే కనిపిస్తుంది, అసలు చిరునామా మాత్రం వేరు.

పూర్తి చిరునామాతో పైథాన్‌లో మరొక తంటా ఉంది, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. విండోస్ చిరునామాల్లో వెనక్కి వాలిన గీత వాడుతుంది. పైథాన్ కోట్స్ లోపల ఆ గీత పక్కన ఎన్ అనే అక్షరం వస్తే "కొత్త లైన్" అని అర్థం చేసుకుంటుంది, టీ వస్తే "ట్యాబ్" అనుకుంటుంది. ఫోల్డర్ పేరు న్యూ అనో టెస్ట్ అనో ఉంటే చిరునామా మధ్యలోనే విరిగిపోతుంది. సీ డ్రైవ్ గీత పక్కన యూజర్స్ అని పెద్ద యూతో మామూలుగా రాస్తే ప్రోగ్రామ్ మొదలవకముందే సింటాక్స్ ఎర్రర్. పాపం పిల్లలు స్పెల్లింగ్ తప్పేమోనని గంటలు గంటలు వెతుకుతారు.

సరే, పూర్తి చిరునామా వద్దు. ఫైల్ పేరు ఒక్కటే రాస్తే? పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఓపెన్, బ్రాకెట్లో మార్క్స్ డాట్ సీఎస్‌వీ. దీన్ని రిలేటివ్ పాత్ అంటారు. రిలేటివ్ అనే ఇంగ్లిష్ మాటకు మన పిల్లలకు మొదట తెలిసిన అర్థం బంధువు. క్లాసులో నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. "బాబాయ్ వచ్చాడు" అంటే ఎవరు వచ్చినట్టు? అంటున్నది ఎవరో తెలియకుండా చెప్పలేం. ఒకే మనిషి ఒకరికి బాబాయ్, ఒకరికి బావ, ఇంకొకరికి అల్లుడు. బాబాయ్ అనేది పేరు కాదు, పిలిచేవాళ్ల దగ్గర మొదలై సాగే వరస. రిలేటివ్ పాత్ కూడా అంతే. "మార్క్స్ డాట్ సీఎస్‌వీ" అంటే ఎవరి దగ్గరున్న మార్క్స్? ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

ఇక్కడే దాదాపు ప్రతి పిల్లవాడూ ఒకటి ఊహించుకుంటాడు. ప్రోగ్రామ్ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో అక్కడి నుంచే లెక్క అనుకుంటాడు. సహజంగా అనిపించే ఊహే. కానీ నిజం కాదు. లెక్క మొదలయ్యేది ఆ ప్రోగ్రామ్‌ను ఏ ఫోల్డర్‌లో నిలబడి పిలిచారో అక్కడి నుంచి. దాన్ని కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ అంటారు. ప్రోగ్రామ్ ఉండే చోటు వేరు, పిలిచిన చోటు వేరు. ఈ రెండూ ఒక్కటైన రోజు అన్నీ నడుస్తాయి. వేరైన రోజు ఆగిపోతాయి.

సత్తెనపల్లిలో ఉండే వంటమాస్టరును మాచర్లలో పెళ్లికి పిలిచారనుకోండి. గాడిపొయ్యి దగ్గర నిలబడి ఆయన సహాయకుడితో, "లోపలి గదిలో పెద్ద గరిటె ఉంది, పట్టుకురా" అన్నాడు. ఆయన మనసులో ఉన్నది సత్తెనపల్లిలో తన ఇంటి లోపలి గది. కుర్రాడు వెళ్లేది పెళ్లివారింటి లోపలి గదికి. గరిటె కనబడకపోతే "లేదు మాస్టారూ" అని తిరిగి వస్తాడు. మన ఫైల్ నాట్ ఫౌండ్ ఎర్రర్ అదే. అంతకన్నా ఇబ్బంది, అక్కడ కూడా ఒక గరిటె ఉండటం. కుర్రాడు అది తెచ్చి ఇస్తాడు, అది మాస్టరుది కాదు. కంప్యూటర్‌లో కూడా పిలిచిన ఫోల్డర్‌లో అదే పేరుతో పోయిన నెల నాటి మార్క్స్ ఫైల్ ఒకటి పడి ఉంటే, ప్రోగ్రామ్ దాన్నే చదివేస్తుంది. ఎర్రర్ రాదు. జవాబులు మాత్రం తప్పు వస్తాయి.

మరి ఇంట్లో ఎందుకు నడిచింది? పిల్లలు పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్ అనే ఎడిటర్‌లో ఎఫ్5 నొక్కి నడుపుతారు. ఐడిల్ మంచి మనసుతో, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోకి తనే వెళ్లి అక్కడ నిలబడి పిలుస్తుంది. రెండు చోట్లూ ఒకటైపోతాయి, పిల్లవాడికి ఏ తేడా తెలియదు. ల్యాబ్‌లో వీఎస్ కోడ్ ఉంటే పద్ధతి వేరు. అందులో మామూలుగా ఏ ఫోల్డర్‌ను తెరిచారో ఆ ఫోల్డర్‌లో నిలబడి పిలుస్తుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌నే నేరుగా తెరిస్తే నడుస్తుంది. పెన్‌డ్రైవ్ మొత్తాన్ని తెరిచి, లోపలికి వెళ్లి ఫైల్ మీద క్లిక్ చేస్తే ఆగిపోతుంది. అదే కోడ్, అదే ఫైల్, ఒక్కోసారి అదే కంప్యూటర్. ఫోల్డర్ తెరిచిన తీరు ఒక్కటే తేడా. అందుకే పిల్లలు "ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు" అంటారు. వినేవాళ్లకు అబద్ధంలా ఉంటుంది కానీ వాళ్లు చూసింది చూసినట్టే చెబుతున్నారు.

ఫైల్ చదవడంలో ఎర్రర్ వస్తే నయమే. కనీసం తేడా జరిగిందని తెలుస్తుంది. రాయడంలో అది కూడా తెలియదు. ఇది కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే మన పల్నాడులో చాలామంది పిల్లలు ప్రాజెక్ట్ కోసం ఇంట్లోవాళ్ల షాపు లెక్కల ప్రోగ్రామ్ రాస్తారు. మెడికల్ షాపు, కిరాణా, ఎరువుల దుకాణం.

పిడుగురాళ్లలో ఎరువుల షాపు ఉన్న నాన్న కోసం కొడుకు అప్పుల ఖాతా ప్రోగ్రామ్ రాశాడనుకుందాం. రైతు పేరు, తీసుకున్న బస్తాలు, ఇవ్వాల్సిన డబ్బు, కట్టిన డబ్బు. ఇవన్నీ ఖాతా డాట్ సీఎస్‌వీ అనే ఫైల్‌లో ఒక్కో లైనుగా చేరుతూ ఉంటాయి. చేర్చడానికి పైథాన్‌లో అపెండ్ మోడ్ వాడతారు. దానికి ఒక గుణం ఉంది. ఫైల్ ఉంటే చివర్లో చేరుస్తుంది. లేకపోతే నోరు మెదపకుండా కొత్త ఫైల్ పుట్టించి అందులో రాస్తుంది. పొద్దున నాన్న ఫోల్డర్ తెరిచి ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేసి పత్తి రైతు అప్పు ఎక్కించాడు. అది ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోని ఖాతాలో పడింది. సాయంత్రం కొడుకు వీఎస్ కోడ్‌లో డి డ్రైవ్ మొత్తం తెరిచి అదే ప్రోగ్రామ్ నడిపి, అదే రైతు కట్టిన డబ్బు ఎక్కించాడు. అది డి డ్రైవ్‌లో అప్పుడే పుట్టిన రెండో ఖాతాలో పడింది. మర్నాడు షాపులో చూస్తే అప్పు కనిపిస్తుంది, కట్టింది కనిపించదు. రైతు కట్టానంటాడు, షాపులో ఆయన లేదంటాడు. మనుషుల మధ్య మాట పట్టింపు వచ్చేది ఇలాంటి చోటే. డేటా ఎక్కడికీ పోలేదు, రెండు ఇళ్లలో చెరి సగం ఉంది. ఈ స్థితిలో పిల్లవాడు "సేవ్ కావడం లేదు" అంటాడు, సేవ్ చేసే కోడ్ మళ్లీ మళ్లీ మారుస్తాడు. అక్కడ మార్చాల్సింది ఏమీ లేదు.

డబ్బు లెక్కలున్న ప్రోగ్రామ్‌ను పిల్లలు రాస్తే, దాన్ని ప్రాజెక్ట్ మార్కుల వరకే ఉంచి, అసలు ఖాతా పుస్తకంలోనే కొనసాగించమని నా సలహా. కనీసం ఈ కింద చెప్పే మార్పు చేసేవరకైనా.

ప్రోగ్రామ్ తన వస్తువులను తన ఇంటి నుంచే తెచ్చుకోవాలంటే, ముందు తన ఇల్లు ఎక్కడో దానికి తెలియాలి. నడుస్తున్న ప్రోగ్రామ్‌కి తన ఫైల్ ఎక్కడుందో తెలుసా? తనంతట తనకు తెలియదు. పైథాన్ ఫైల్‌ను తెరిచి, అందులోని లైన్లను మెమరీలోకి తీసుకుని నడపడం మొదలుపెడుతుంది. ఒకసారి మెమరీలోకి వచ్చాక ఆ లైన్లకు డిస్క్ మీదున్న ఫైల్‌తో సంబంధం ఉండదు. పేజీ చదివి విన్నవాడికి పుస్తకం ఏ అలమరలో ఉందో తెలియనట్టే.

మన స్కూల్‌లో ఎల్‌కేజీ పిల్లల మెడలో ఐడీ కార్డు ఉంటుంది కదా. పాపను అడ్రస్ అడిగితే "మా ఇల్లు" అంటుంది. కార్డు తిప్పి చూస్తే వీధి, ఊరు, ఫోన్ నంబర్ అన్నీ ఉంటాయి. ఆ కార్డు పాప రాసుకున్నది కాదు, చేర్చుకునేటప్పుడు ఆఫీసులో రాసి మెడలో వేశారు. పైథాన్ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. ఫైల్‌ను లోపలికి తీసుకునేటప్పుడే, మొదటి లైన్ నడవకముందే, ఆ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఒక చీటీ మీద రాసి ప్రోగ్రామ్ మెడలో వేస్తుంది. ఆ చీటీ పేరు ఫైల్. ముందు రెండు అండర్‌స్కోర్లు, మధ్యలో చిన్న అక్షరాలతో ఫైల్, వెనక రెండు అండర్‌స్కోర్లు. ప్రోగ్రామర్లు దీన్ని డండర్ ఫైల్ అని ముద్దుగా పిలుస్తారు. డబుల్ అండర్‌స్కోర్‌కి కుదింపు అది. కాబట్టి ప్రోగ్రామ్ తనను తాను కంప్యూటర్ అంతా వెతుక్కోదు. మెడలో కార్డు తిప్పి చూసుకుంటుంది, అంతే.

చీటీ మీద ఉండేది ప్రోగ్రామ్ ఫైల్ చిరునామా. మనకు కావాల్సింది ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్. పైథాన్‌లో పాత్‌లిబ్ అనే లైబ్రరీ ఈ పని చేస్తుంది. పైథాన్ 3.4 నుంచి పైథాన్‌తోనే వస్తుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పిల్లలు రాయాల్సిన లైన్‌ను నోటితో చదివితే ఇలా ఉంటుంది: బేస్ ఈక్వల్ టు పాత్, బ్రాకెట్లో డండర్ ఫైల్, డాట్ రిసాల్వ్, డాట్ పేరెంట్. రిసాల్వ్ అంటే చీటీ మీదున్న చిరునామాను పూర్తి చిరునామాగా మార్చడం. మధ్యలో లింకులు ఉంటే వాటిని దాటి అసలు ఇంటికి చేరుస్తుంది కూడా. పేరెంట్ అంటే ఆ ఫైల్‌ను ఒడిలో పెట్టుకున్న ఫోల్డర్. ఒక ఫైల్‌కి అది ఉన్న ఫోల్డరే పేరెంట్. పేరెంట్స్ కోసం రాస్తున్న పేజీలో ఈ మాట రావడం నాకు ముచ్చటగానే ఉంది.

ఆ తర్వాత ఫైల్ తెరిచే ప్రతిచోటా ఉత్త పేరు రాయకుండా, బేస్, ముందుకు వాలిన గీత, మార్క్స్ డాట్ సీఎస్‌వీ అని కలిపి రాస్తే చాలు. "ఎక్కడ నిలబడి పిలిచినా సరే, నా ఇంట్లో ఉన్న మార్క్స్ ఫైలే కావాలి" అని దాని అర్థం. ఇందాక చెప్పిన వెనక్కి వాలిన గీత తంటా కూడా దీంతో పోతుంది. విండోస్ అయినా లైనక్స్ అయినా పాత్‌లిబ్ సరైన గీత తనే పెట్టుకుంటుంది. పాత పుస్తకాల్లో, రికార్డుల్లో ఇదే పనికి ఓఎస్ డాట్ పాత్ డాట్ డిర్‌నేమ్, అబ్స్‌పాత్ అనేవి కనిపిస్తాయి. అవీ సరైనవే. బీటెక్ చదువుతున్న అన్నయ్యో అక్కో ఇంట్లో ఉంటే వాళ్లకూ ఇది కొత్త కాదు. నోడ్‌లో డండర్ డిర్‌నేమ్ అని, పీహెచ్‌పీలో డండర్ డిర్ అని ఇలాంటి కార్డులే ఉన్నాయి.

దీనివల్ల వచ్చే లాభం ఏమిటో మాచర్ల వైపు పిల్లలకు చెప్పడం చాలా తేలిక. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. డ్యామ్ పూర్తయితే ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ అంతా మునిగిపోతుంది. అందుకే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని కొండ పైకి, కొన్నింటిని అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లి నాగార్జునకొండ మీద మనం చూసే కట్టడాలు అలా వచ్చినవే. పాత చిరునామా నీళ్ల కింద ఉంది. "నది ఒడ్డు నుంచి ఇంత దూరం" అనే కొలత ఈ రోజు దేనికీ పనికిరాదు. "ఈ మెట్టు పక్కన ఈ రాయి, ఈ రాయి వెనక ఈ గోడ" అనే లెక్క మాత్రం కొత్త చోట కూడా అలాగే పనిచేసింది. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను ఇంటి కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌కి, పెన్‌డ్రైవ్ నుంచి ల్యాబ్‌కి మార్చడం ఇలాంటి తరలింపే. ప్రోగ్రామ్ ఫైల్, మార్క్స్ ఫైల్, ఫొటోల ఫోల్డర్ కలిసి కదిలితే, వాటి మధ్య దూరం మారదు. ప్రోగ్రామ్ తన ఇంటి నుంచే లెక్కపెట్టుకుంటే పైన చిరునామా ఎంత మారినా ఇబ్బంది లేదు. ప్రోగ్రామ్ ఒక్కదాన్నే కాపీ చేసి, సీఎస్‌వీని ఇంట్లో వదిలేసి వస్తే మాత్రం ఏ చీటీ కాపాడలేదు.

ఈ కార్డుకు కూడా హద్దులున్నాయి. వైవాలో అడగదగినవి కాబట్టి పిల్లలకు తెలిసి ఉండాలి.

ఫైల్‌లో రాయకుండా పైథాన్ షెల్‌లో నేరుగా లైన్లు టైప్ చేస్తే కార్డు ఉండదు. జూపిటర్ నోట్‌బుక్‌లో, గూగుల్ కోలాబ్‌లో కూడా అంతే. అక్కడ డండర్ ఫైల్ అని రాస్తే నేమ్ ఎర్రర్ వస్తుంది. ఫైల్ నుంచి రాని లైన్లకు ఫైల్ చిరునామా ఎవరు రాస్తారు? పిల్లలు ఈ ఒక్క లైన్‌ను షెల్‌లో వేసి చూసి, "మీరు చెప్పింది పనిచేయలేదు" అని వస్తుంటారు.

పైథాన్ 3.9కి ముందు వెర్షన్లలో, నేరుగా నడిపే ప్రోగ్రామ్ కార్డు మీద ఒక్కోసారి పూర్తి చిరునామా ఉండేది కాదు. "గుడి పక్కన" అన్నట్టు, పిలిచిన చోటు నుంచి లెక్కపెట్టిన చిరునామా ఉండేది. ప్రోగ్రామ్ మధ్యలో ఇంకో ఫోల్డర్‌కి మారితే ఆ "పక్కన" అర్థం మారిపోయేది. 3.9 నుంచి ఆ కార్డు మీద పూర్తి చిరునామానే ఉంటోంది. ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో మనకు తెలియదు కాబట్టి, బేస్ లైన్‌ను రిసాల్వ్‌తో సహా ప్రోగ్రామ్ మొదట్లోనే రాసేయడం మంచిది.

ప్రాజెక్ట్‌లో రెండు మూడు పైథాన్ ఫైళ్లుంటే, ఒకదాన్ని ఇంకొకటి ఇంపోర్ట్ చేసుకుంటే, ప్రతి ఫైల్‌కీ ఎవరి కార్డు వారిదే. తోబుట్టువులైనా ఐడీ కార్డులు వేరు కదా. సిస్ డాట్ ఆర్గ్‌వీ సున్నా అనేది చూసి కొందరు పిల్లలు అదీ ఇదీ ఒకటే అనుకుంటారు. అది మొదట పిలిచిన ప్రోగ్రామ్ పేరు మాత్రమే చెబుతుంది, లోపల ఇంపోర్ట్ అయిన ఫైల్ సంగతి చెప్పదు.

కొంతమంది ఉత్సాహంగా పైఇన్‌స్టాలర్‌తో ప్రోగ్రామ్‌ను ఒకే ఈఎక్స్ఈ ఫైల్‌గా చేసి తెస్తారు. అది నడిచేటప్పుడు తన సామాను అంతా ఒక టెంపరరీ ఫోల్డర్‌లో విప్పుకుంటుంది, కార్డు మీద ఆ తాత్కాలిక చిరునామానే ఉంటుంది. ప్రోగ్రామ్ ముగియగానే ఆ ఫోల్డర్ తుడిచేస్తుంది. అక్కడ ఖాతా రాసుకుంటే అద్దె ఇంటి గోడ మీద లెక్క రాసుకున్నట్టే. పన్నెండో తరగతి ప్రాజెక్ట్‌కి ఈఎక్స్ఈ అవసరం లేదు, పైథాన్ ఫైల్ ఇస్తే చాలు. అది తెచ్చినంత మాత్రాన మార్కులు పెరగవు కూడా.

ఇప్పుడు ఇంట్లో మీరు చేయగలిగేది. పిల్లవాడు ప్రాజెక్ట్ అయిపోయిందన్న రోజు, పక్కన కూర్చుని ఒక పది నిమిషాలు కేటాయించండి. ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌కి కాపీ చేయమనండి. ఇంట్లో ఉన్న అసలు ఫోల్డర్ పేరు కాసేపు మార్చేయమనండి, లేదంటే ప్రోగ్రామ్ రహస్యంగా పాత ఇంటి నుంచే ఫైల్ తెచ్చుకుని నడిచినట్టు నటిస్తుంది. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఏ ఫోల్డర్‌లోకీ వెళ్లకుండా అక్కడి నుంచే, పైథాన్ అని రాసి పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ చిరునామా ఇచ్చి నడపమనండి. ఒక కొత్త ఎంట్రీ చేర్పించండి. పెన్‌డ్రైవ్‌లోని సీఎస్‌వీ తెరిచి చూస్తే ఆ ఎంట్రీ అందులో కనిపించాలి. కనిపించకపోతే, అదే పేరుతో ఇంకో ఫైల్ ఎక్కడైనా పుట్టిందేమో విండోస్ సెర్చ్‌లో వెతకమనండి. దొరుకుతుంది. అది దొరికినప్పుడు పిల్లవాడి ముఖం చూడాలి, ఈ పాఠం నేను క్లాసులో అరగంట చెప్పినదానికన్నా ఎక్కువ అర్థమవుతుంది.

మీ పిల్లలు డేటాబేస్ కోసం మైసీక్వెల్ వాడుతుంటే, ఆ డేటా ఫోల్డర్‌తో పాటు పెన్‌డ్రైవ్‌లో రాదు. సర్వర్‌లో ఉంటుంది. దాన్ని డంప్ తీసి తెచ్చుకోవాలి, అది వేరే పాఠం. టెక్స్ట్, బైనరీ, సీఎస్‌వీ ఫైళ్లకు మాత్రం పైన చెప్పినది సరిపోతుంది.

వైవా కోసం ఇంట్లో ఒక్కసారి నోటితో అడిగి చూడండి. "నీ ప్రోగ్రామ్ ఎక్కడుంది? ఎక్కడి నుంచి పిలిచావు? ఈ రెండూ వేరైతే నీ ఫైల్ ఎలా దొరుకుతుంది?" మొదటిదానికి డండర్ ఫైల్, రెండోదానికి ఓఎస్ డాట్ గెట్‌సీడబ్ల్యూడీ అని చెప్పి, రెండింటినీ ప్రింట్ చేసి చూపించి, మూడోదానికి బేస్ లైన్ చూపించగలిగితే సరిపోతుంది. ఆ రెండు ప్రింట్ లైన్లను ప్రోగ్రామ్ మొదట్లో కామెంట్‌గా ఉంచుకోమనండి. పరీక్ష రోజు ఏదైనా ఆగిపోతే ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి నడిపితే, రెండు చిరునామాలూ స్క్రీన్ మీద కనిపిస్తాయి.